శుక్రవారం ఊరికే రాలేదు



గురువారం సాయంత్రం క్యాంపు బస్సు ఆగగానే అందరి నోటా వచ్చే మొదటి మాట ఒక్కటే: "రేపు డ్యూటీ ఉందా?" ఉందంటే కొందరి ముఖాలు వెలుగుతాయి. లేదంటే వాడిపోతాయి. చిన్నప్పుడు బడికి సెలవంటే ఎగిరి గంతేసిన మనమే ఇప్పుడు సెలవంటే నష్టం అనుకుంటున్నాం. అసలు ఈ వారపు సెలవు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు అడిగితే వచ్చింది? ఈ వారం ఆ చరిత్ర చెప్పుకుందాం.

మేము నలుగురం దమ్మామ్ చుట్టుపక్కల క్యాంపు ఆఫీసుల్లో టైం షీట్లు రాసే గుమస్తాలం. మీరు ఎండలో చేసిన పనిని ఏసీ గదిలో కూర్చుని గంటల లెక్కగా మార్చేది మేమే. అందుకే ముందుగా మా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాం.

పదకొండు శుక్రవారాలు

మా గదిలో ఒక అన్న ఉన్నాడు. పికప్ డ్రైవర్. ఒక ఎండాకాలం వరుసగా పదకొండు శుక్రవారాలు డ్యూటీ చేశాడు. మిగతా ఆరు రోజులూ పది గంటలు, శుక్రవారం ఎనిమిది. "అన్నా, ఈ ఒక్క శుక్రవారం పండుకోరాదే" అని మేమంటే, "నేను పండుకుంటే వడ్డీ పండుకుంటదా తమ్మీ?" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. ఆయన గంటలు షీట్లో ఎక్కించేవాళ్లం. గంటలు ఎక్కువున్న షీట్ చూస్తే పైవాళ్లకు సంతోషం, పైవాళ్లు సంతోషంగా ఉంటే మాకు సంతోషం.

పదకొండో శుక్రవారం దాటిన మర్నాడు, తెల్లవారుజామున సామాను దింపి వస్తుంటే స్టీరింగ్ మీదే కునుకు పట్టింది. బండి రోడ్డు పక్క కాంక్రీటు దిమ్మెను గుద్దింది. ఇంకొకరికి ఏమీ కాలేదు, అదే పదివేలు. ఆయన కాలు విరిగింది. నాలుగు నెలలు మంచం.

ఆ నాలుగు నెలల్లో ఒకరోజు మేము లెక్క వేశాం. ఆయన బేసిక్ 1000 రియాళ్లు. నెలకు 240 గంటల చొప్పున గంటకు నాలుగు రియాళ్ల పైచిలుకు, ఓటీ గంటకు ఆరుంపావు. అంటే ఎనిమిది గంటల శుక్రవారం ఖరీదు 50 రియాళ్లు. పదకొండు శుక్రవారాలకు 550. మంచం మీద ఉన్న నాలుగు నెలల్లో రోజూ వచ్చే రెండు గంటల ఓటీ పోయింది. నెలకు 325, నాలుగు నెలలకు 1300 రియాళ్లు. 550 కోసం పోయి 1300 పోగొట్టుకున్నాడు. కాలు సంగతి లెక్కలో వేయలేదు. వేయడానికి ఆ షీట్లో గడి లేదు.

మా సంగతీ గొప్పగా లేదు. ఇంకో సైటు షీట్లు కూడా మేమే చేస్తామని ఒప్పుకుని రాత్రి పదకొండింటి దాకా కూర్చునేవాళ్లం. కొన్నాళ్లకు మాలో ఒకతను ఇకామా నంబర్లు తప్పు కొట్టడం మొదలుపెట్టాడు. అన్నం ముందు కూర్చుని తినడం మర్చిపోయేవాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే విసుక్కునేవాడు. దీనికి బర్నౌట్ అని పేరుంది. పనిచోటి ఒత్తిడి ఎడతెగక మనిషి లోపల ఖాళీ అయిపోయే స్థితిగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన వర్గీకరణలో చేర్చింది. మన ఊరి భాషలో చెప్పాలంటే, నూనె అయిపోయినా ఒత్తి కాలుతూనే ఉండటం.

ఎద్దుకు కూడా ఒక రోజు

విశ్రాంతి దొరల అలవాటనీ, కష్టపడేవాడికి సెలవెందుకనీ మనలో చాలామంది అంటుంటారు. మన తాతలు అలా అనుకోలేదు. సాలెలు, మేస్త్రీలు, కంసాలులు అమావాస్య నాడు పనిముట్టు పట్టని ఆచారం మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. ఆ రోజు మగ్గం ఆగేది, తాపీ పక్కన పెట్టేవారు. ఆదిలాబాద్ వైపు శ్రావణ అమావాస్యకు పొలాల పండుగ చేస్తారు. ఆ రోజు ఎద్దును కాడికి కట్టరు. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నైవేద్యం పెట్టి, ఊరేగిస్తారు. ఎద్దుకు విశ్రాంతి ఇవ్వాలని తెలిసిన రైతు బిడ్డలం మనం.

అయితే ఆ ఆచారం సొంత మగ్గం, సొంత పనిముట్టు ఉన్నవాడిది. దొర గడీలో వెట్టి చేసినవాడికి ఏ అమావాస్యా లేదు. పిలిచినప్పుడు పోవాలి, పొమ్మన్నప్పుడు రావాలి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో జనం ఎదిరించిన వాటిలో వెట్టి మొదటిది. మన సమయం మనది అన్న మాట మన నేల మీద అంత ఖరీదు పెట్టి సంపాదించిందే.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

కరీంనగర్ వైపు ఒక మాట ఉంది: బతుకుదెరువుకు మూడే దారులు, బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మన సెలవు కథ కూడా ఈ మూడు చోట్లా నడిచింది. ముందు బొంబాయి.

తెలుగు నేల నుంచి బొంబాయి వెళ్లిన కూలీలను అక్కడ కామాటీలు అనేవారు. కామాఠీపురా అన్న పేటకు పేరు వచ్చింది వాళ్ల వల్లే. 1854లో బొంబాయిలో తొలి నూలు మిల్లు కంపెనీ ఏర్పడింది. ఆ తర్వాత మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. పొద్దు పొడుపుతో పని మొదలు, పొద్దు గుంకితే ఆగడం. ఎండాకాలం పగలు పొడుగు కాబట్టి పనీ పొడుగే. వారపు సెలవు అనేదే లేదు. 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీ చట్టం పిల్లల గంటలకు మాత్రమే హద్దు పెట్టింది, పెద్దవాళ్ల ఊసు ఎత్తలేదు.

ఆ సమయంలో నోరు విప్పిన మనిషి పేరు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన పెద్ద వకీలు కాదు, జమీందారు కాదు. గుమస్తాగా పనిచేసి, తర్వాత ఒక మిల్లులో స్టోర్ కీపర్ అయ్యాడు. అంటే మా లాంటివాడే. మిల్లులో గంటల లెక్క ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూశాడు. జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజంలో చేరి, 1880 నుంచి 'దీనబంధు' పత్రిక నడిపాడు. బొంబాయిలో ఫూలేకు అండగా నిలిచినవారిలో మన తెలుగు కామాటీ కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు.

1884 సెప్టెంబర్‌లో లోఖండే పరేల్‌లో మిల్లు కార్మికుల సభలు పెట్టాడు. ఐదున్నర వేల మంది సంతకాలతో వినతి పత్రం తయారైంది. అందులో ఏమడిగారో చూడండి: వారానికి ఒక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పని గంటలకు హద్దు, జీతం నెల పదిహేనో తేదీలోగా, పనిలో దెబ్బ తగిలితే ఆదుకోవడం. నూట నలభై ఏళ్లు దాటాయి. ఈ ఐదూ చదువుతుంటే మన క్యాంపులో ఎవరో నిన్న రాసినట్టే ఉంది.

వెంటనే ఏదీ రాలేదు. ఆరేళ్లు పట్టింది. 1890 ఏప్రిల్‌లో పది వేల మంది కార్మికులు సభ చేరారు. ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడారు. చివరికి 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది, 1891 ఫ్యాక్టరీ చట్టంలో వారపు సెలవు ఎక్కింది. ఇంటి దగ్గర మన పిల్లలు ఆదివారం ఆడుకుంటున్నారంటే, మన తమ్ముళ్లు ఫ్యాక్టరీ నుంచి ఆదివారం ఇంట్లో ఉంటున్నారంటే, అందులో ఆ స్టోర్ కీపర్ చెయ్యి ఉంది. ఆయన 1897లో బొంబాయి ప్లేగులో చనిపోయాడు. 2005లో భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది.

సెలవు వచ్చినా గంటలు తగ్గలేదు. 1905 ప్రాంతంలో మిల్లుల్లో కరెంటు దీపాలు వచ్చాయి. పొద్దు గుంకితే ఆగే పని ఇక ఆగనక్కర్లేదు. రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు నడిపారు. ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. దీపం కనిపెట్టింది మన సుఖానికే. కాని హద్దు లేకపోతే ఆ దీపం కిందే మన నిద్ర పోతుంది. ఈ రోజుల్లో జేబులో ఉన్న ఫోన్ కూడా అంతే. రాత్రి పన్నెండింటికి ఫోర్‌మన్ వాట్సాప్ మెసేజ్ రానంత వరకే రోజు ముగిసినట్టు.

1911లో మిల్లుల్లో రోజుకు 12 గంటల హద్దు వచ్చింది. 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54, 1946లో 48. అరవై నుంచి నలభై ఎనిమిదికి రావడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది. ఆ 48 గంటల చట్టం తయారైన కాలంలో, 1942 నుంచి 1946 దాకా, వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది డాక్టర్ అంబేద్కర్.

బొగ్గుబాయిలోనూ ఇదే దారి. సింగరేణిలో ఇంటికొకరు పనిచేసిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. అక్కడ వారపు సెలవు నాడు డ్యూటీ చేస్తే దాన్ని 'ప్లే డే' అంటారు, జీతం డబుల్. పేరు ఆట రోజు, చేసేది పని! మన నాన్నల తరం ప్లే డే దొరికితే పండగ అనుకునేది. మనకు శుక్రవారం ఓటీ మీద ఉన్న ఆశ ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది కదా.

ఎండ చూపించి గెలిచిన మేస్త్రీలు

రోజుకు ఎనిమిది గంటల పని అన్న మాట వినగానే అందరికీ 1886 షికాగో, మే డే గుర్తొస్తాయి. నిజమే. కాని అంతకు ముప్పై ఏళ్ల ముందే ఎనిమిది గంటలు సాధించినవాళ్లు ఉన్నారు. వాళ్లు రాతి మేస్త్రీలు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ భవనం కడుతున్న మేస్త్రీలు 1856 ఏప్రిల్ 21న పనిముట్లు దింపి పార్లమెంటు భవనం దాకా నడిచారు. వాళ్లు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి ఎండ. చల్లటి ఇంగ్లండులో చేసినన్ని గంటలు ఈ వేడిలో చేయలేం అన్నారు. మిగిలిన సమయంలో చదువుకుంటాం, మనుషుల్లా బతుకుతాం అన్నారు. జీతం తగ్గకుండానే ఎనిమిది గంటలు సాధించారు.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టింది. దాని మొట్టమొదటి ఒప్పందమే పని గంటల మీద: రోజుకు 8, వారానికి 48. అయితే అందులోనే బ్రిటిష్ ఇండియాకు మాత్రం వారానికి 60 గంటలని మినహాయింపు రాశారు. చెమట అందరిదీ ఒకటే, లెక్క మాత్రం వేరు.

దివిటీల వెలుగులో జెడ్డా

ఇక మనం ఉన్న చోటికి వద్దాం. 1938లో దమ్మామ్ ఏడో నంబర్ బావిలో చమురు పడింది. దాంతో ధహ్రాన్ చుట్టూ వేల మంది కార్మికులు చేరారు. బొంబాయి మీదుగా వచ్చిన మన దేశపు గుమస్తాలు, మెకానిక్కులు వారిలో ఉన్నారు. అంటే ఈ ఎడారిలో మన టైం షీట్ వయసు ఎనభై ఏళ్ల పైనే. 1947లో వచ్చిన సౌదీ కార్మిక నిబంధనల్లో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజుల పని ఉంది. 1953 అక్టోబర్‌లో చమురు కంపెనీలో పదమూడు వేల మంది సౌదీ కార్మికులు పని ఆపారు, తర్వాత జీతాలు పెరిగాయి. 1956లో సమ్మెలను నిషేధించారు. ఆ నిషేధం మనకూ వర్తిస్తుంది కాబట్టి ఇది చరిత్రగా చెప్పే మాటే, చేయమని చెప్పే మాట కాదు.

1970ల్లో చమురు ధర పెరిగాక రోడ్లు, రేవులు, ఊళ్లకు ఊళ్లు లేచాయి. అప్పుడు ఇక్కడికి లక్షలాదిగా వచ్చినవాళ్లలో కొరియన్లు ముందు వరసలో ఉన్నారు. 1974లో ఒక కొరియన్ కంపెనీకి జెడ్డాలో రోడ్డు పని దొరికింది. హజ్ యాత్ర దగ్గరపడుతోంది, పని త్వరగా కావాలి. రాత్రిళ్లు దివిటీలు వెలిగించి ఆ వెలుగులో పని చేశారు. దారిన వెళ్తూ ఆ వెలుగులు చూసి ఫైసల్ రాజు మెచ్చుకున్నాడనీ, దాంతో ఇంకా పనులు దొరికాయనీ కొరియాలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

మన దగ్గర కూడా ఇలాంటి కథలు వింటూనే ఉంటాం. "ఫలానావాడు రాత్రీ పగలూ కష్టపడి పైకొచ్చాడు" అని. కాని కొరియన్ల కథ దివిటీల దగ్గర ఆగలేదు. 1977 మార్చిలో జుబైల్ రేవు పనిచోట అదే కొరియన్ కార్మికులు తిరగబడ్డారు. తర్వాతి కాలంలో ఆ దేశం తన పని గంటలను తానే తగ్గించుకుంది. 2004 నుంచి దశలవారీగా వారానికి 40 గంటల పద్ధతి తెచ్చింది. ఓటీ కలిపి 68 గంటల దాకా సాగే పనిని 2018 జూలై నుంచి 52కు కుదించింది. దివిటీ పట్టుకుని పనిచేసినవాళ్ల దేశమే ఇక చాలు అంది. జపాన్‌లో అయితే పని భారంతో చనిపోవడానికి 'కరోషి' అని ప్రత్యేకంగా మాటే ఉంది. దాన్ని ఆపడానికి 2014లో చట్టం చేశారు.

68 అన్న అంకె దగ్గర మేము ఆగిపోయాం. మా గదిలో అన్న షీట్ మళ్లీ తీసి చూశాం. ఆరు రోజులు పదేసి గంటలు, శుక్రవారం ఎనిమిది. సరిగ్గా 68.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదే ఇలా ఏడు లక్షల నలభై ఐదు వేల మంది పోయారని అంచనా. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్న వార్తలు క్యాంపుల్లో మనం వినేవే.

చట్టం ఏమంటుంది

1969లో ఒకటి, 2005లో దాని స్థానంలో ఇంకొకటి సౌదీ కార్మిక చట్టాలు వచ్చాయి. ఇప్పుడున్న దాని ప్రకారం రోజుకు 8 గంటలు లేదా వారానికి 48 గంటలు. ఐదు గంటలు వరుసగా పనిచేస్తే అరగంటకు తక్కువ కాకుండా విరామం. ఓటీకి గంట జీతంతో పాటు బేసిక్‌లో సగం అదనం. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. మెల్‌బోర్న్ మేస్త్రీలు చెప్పిన మాటే ఇది.

అన్నిటికన్నా ముఖ్యమైనది 104వ అధికరణం. వారానికి ఒక రోజు, 24 గంటలకు తగ్గకుండా, జీతంతో సెలవు. అది శుక్రవారం. అవసరమైతే లేబర్ ఆఫీసుకు తెలియజేసి కొందరికి వేరే రోజు ఇవ్వవచ్చు. కాని ఆ సెలవుకు బదులుగా డబ్బు ఇచ్చి సరిపెట్టకూడదు. ఏడాది సెలవు కూడా అంతే. 21 రోజులు, ఐదేళ్లు దాటితే 30 రోజులు. సర్వీసులో ఉండగా దాన్ని వదులుకోవడానికి, డబ్బుగా మార్చుకోవడానికి వీల్లేదు.

ఇది చదివి మేము సిగ్గుపడ్డాం. చట్టం అమ్మకూడదన్న దాన్ని 50 రియాళ్లకు అమ్ముకుంటున్నాం. ఆ అమ్మకం కాగితం రాసింది మా చేతులే. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు, హౌస్ డ్రైవర్లు ఈ చట్టం కిందికి రారు. వారికి ఉన్న ప్రత్యేక నిబంధనల్లో కూడా వారానికి ఒక రోజు విశ్రాంతి రాసి ఉంది. అడగాలంటే ముందు తెలియాలి కాబట్టి ఇంటిపని చేసే మీవాళ్లకు ఈ మాట చేరవేయండి.

వడ్డీ పండుకోదు, నిజమే

"ఇదంతా బాగుంది, అప్పు ఎవరు కడతారు?" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మన పాలమూరు కూలీ చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా డ్యాం పని చోట రాత్రి పగలు తేడా ఉండేది కాదు. అక్కడ కొరడా అవసరం లేదు, అప్పే కొరడా. ఏజెంటుకు కట్టిన డబ్బు, మూడు రూపాయల వడ్డీ మన వెనక అలాగే నిలబడ్డాయి. మనల్ని పరుగెత్తించేది ఫోర్‌మన్ ఒక్కడే కాదు.

కాబట్టి అప్పు ఉన్నవాడు ఓటీ చేయొద్దని మేము చెప్పం. మేము నలుగురం, అన్న కలిసి చేసుకున్న ఏర్పాటు మాత్రం చెబుతాం. అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చడం మొదలుపెట్టాం. మామూలు రోజుల ఓటీ రెండు గంటలు దాటనివ్వడం లేదు. శుక్రవారం మాత్రం తాకడం లేదు. తప్పనిసరై ఒక శుక్రవారం పోతే, ఆ వారంలోనే ఇంకో రోజు సెలవు అడుగుతున్నాం. ఊరికి పంపే డబ్బులో నెలకు 200 రియాళ్లు తగ్గింది. ఆ సంగతి ఇంట్లో దాచకుండా చెప్పాం. మా భయమంతా అక్కడే ఉండేది. ఒకరి భార్య ఏమందంటే, "ఆ మాట ఇన్నాళ్లకు చెప్పినవా" అని.

ఇంకొక పని కూడా చేస్తున్నాం. ఎవరి షీట్లోనైనా వరుసగా రెండు శుక్రవారాలు కనిపిస్తే, మూడోది ఎక్కించే ముందు వెళ్లి పక్కన కూర్చుని మాట్లాడుతున్నాం. పెన్ను మా చేతిలో ఉంది కాబట్టి ఆ మాత్రం చేయగలం.

అన్న కాలు కుదిరింది. కొంచెం కుంటుతాడు. శుక్రవారం పొద్దున ఆలస్యంగా లేచి, గదిలో అందరికీ కోడికూర వండుతాడు. మధ్యాహ్నం బిడ్డతో వీడియో కాల్‌లో ఎక్కాలు చెప్పిస్తాడు. పోయిన గురువారం బస్సు దిగుతూ కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు "అన్నా, రేపు డ్యూటీ ఉందా?" అని ఆయన్నే అడిగాడు.

"లేదు తమ్మీ. రేపు మన రోజు" అన్నాడు.